తాత మంగలి కత్తికి పిడి మార్చాలి, తుప్పు వదిలించాలి – తెలిసినవాళ్ళు చెప్పండి

గంటస్తంభం కుర్రోడు (విజయనగరం)

అందరికీ నమస్కారం. మాది విజయనగరం. గంటస్తంభం దగ్గర్లో మా నాన్న సెలూన్‌లోనే నేనూ పని చేస్తున్నాను. మా తాత గజపతినగరం చుట్టుపక్కల ఊళ్ళలో ఇంటింటికీ తిరిగి క్షవరాలు చేసేవారు. పెళ్ళిళ్ళ రోజుల్లో సన్నాయి, మిగతా రోజుల్లో పొది, అంటే క్షవరం సామాన్ల సంచి. చేతికి డబ్బులిచ్చేవాళ్ళు తక్కువ, పంట నూర్చాక కళ్ళాల దగ్గర రైతులు కొలిచిచ్చే మేర గింజలతోనే ఇల్లు గడిచేది. ఆయన పోయాక ఆ పొది అటక మీదే ఉండిపోయింది. మొన్న ఇంటికి రంగులు వేయిస్తూ కిందికి దించాం.

అందులో ఒక మడత కత్తి ఉంది. ఇప్పుడు మేం వాడే బ్లేడు మార్చుకునే రకం కాదు, అసలు మంగలి కత్తి. కాడ (రేకుకీ పిడికీ మధ్య ఉండే మందపాటి భాగం) మీద ఒక నక్షత్రం, ఒక శిలువ లాంటి గుర్తు, రోడ్జర్స్ అని, కింద షెఫీల్డ్ ఇంగ్లండ్ అని ఉన్నాయి. రెండోవైపు 'కట్లర్స్ టు హిజ్ మెజెస్టీ' అని అరిగిపోయిన అక్షరాలు. వెన్ను మందంగా, వాదర (పదునుండే అంచు) వైపుకి వచ్చేసరికి కాగితంలా ఉంది. ఫోటో పెట్టాను.

పిడి మాత్రం పాడైపోయింది. దంతం రంగులో ఉండేదట, మా నాన్నకి గుర్తు. ఇప్పుడు పసుపు, ఆకుపచ్చ కలిసిన రంగులోకి మారి, పట్టుకుంటే జిడ్డుగా ఉంది. కొస దగ్గర పొడిపొడిగా రాలుతోంది. పిడికి రెండువైపులా ఉండే పలకల్లో ఒకటి మధ్యలో విరిగింది. ఇంకో విచిత్రం ఏమిటంటే, మడిచినప్పుడు పిడి లోపల ఉండే భాగమే బాగా తుప్పు పట్టింది. పిడి బయట ఉండే తోక దాదాపు శుభ్రంగా ఉంది. బయటున్నది కదా తుప్పు పట్టాలి?

నేను అడిగేది మూడు సంగతులు. ఒకటి, ఇది నిజంగా ఏనుగు దంతమా? రెండు, తుప్పు ఎలా వదిలించాలి? మూడు, కొత్త పిడి దేనితో చేయించాలి, మన జిల్లాల్లో ఎవరు చేస్తారు? దసరాలకి, అంటే సిరిమానోత్సవం లోపల పూర్తి చేసి నాన్న చేతిలో పెట్టాలని ఉంది. పదును పెట్టి నేనే గీసుకోవాలని కూడా ఉంది.

కోట జంక్షన్ (విజయనగరం)

తమ్ముడూ, ఇంత టెన్షన్ ఎందుకు? ఏ వెల్డింగ్ షాపులోనైనా గ్రైండర్ ఉంటుంది, దానికే బఫింగ్ చక్రం తగిలిస్తారు. పది నిమిషాల్లో అద్దంలా తళతళ మెరుస్తుంది. విరిగిన పలకకి అరాల్డైట్ పెట్టి రాత్రంతా బిగించి ఉంచు, అతుక్కుపోతుంది. షోకేసులో పెట్టుకోవడానికైతే ఆ మాత్రం చాలు.

ఫిట్టర్ మాష్టారు (శ్రీకాకుళం)

బాబూ, దయచేసి గ్రైండర్ దగ్గరికి తీసుకెళ్ళకు. ఐటీఐలో ఫిట్టర్ ట్రేడ్ చెప్పి రిటైరయ్యాను. పాత కత్తులు బాగుచేయడం అప్పట్నుంచీ ఉన్న ఇష్టం. అందుకే కొంచెం వివరంగా రాస్తున్నాను, ఓపిగ్గా చదువు.

ముందు నీ 'విచిత్రం' సంగతి. అసలు జబ్బు అక్కడే ఉంది. ఆ పిడి దంతం కాదు, సెల్యులాయిడ్. 1870ల నుంచి దంతానికి బదులుగా వాడుకలోకి వచ్చిన పదార్థం ఇది. నైట్రేట్ చేసిన దూదిలో కర్పూరం కలిపి చేసేవారు. ఏళ్ళు గడిచేకొద్దీ అది తనంతట తానే విరిగిపోతూ ఆమ్లపు ఆవిరి వదులుతుంది. కత్తి మడిచి ఉంటే ఆ ఆవిరి రెండు పలకల మధ్య చిక్కుకుని ఉక్కుని తింటుంది. అందుకే లోపలున్న భాగం తుప్పు పట్టింది, బయటున్న తోక బాగుంది. నమ్మకం కుదరకపోతే బొటనవేలితో పలకని వేడెక్కేదాకా గట్టిగా రుద్ది వాసన చూడు. హారతి కర్పూరం వాసన వస్తుంది. నిజమైన దంతమైతే అడ్డంగా కోసిన చోట వలలాగా ఒకదాన్నొకటి దాటే గీతలు కనిపిస్తాయి. నకిలీలో ఉంటే గింటే నిలువుగా సమాంతరంగా ఉంటాయి. కొందరు కాల్చిన సూది గుచ్చి చూడమంటారు. నువ్వు మాత్రం ఆ పని చేయకు, సెల్యులాయిడ్ భగ్గున అంటుకుంటుంది.

కాబట్టి అరాల్డైట్‌తో అతికించి లాభం లేదు. ఆ పలకలు ఉన్నంతకాలం కత్తి తరిగిపోతూనే ఉంటుంది. నువ్వు తుప్పు ఎంత బాగా తీసినా ఏడాది తిరిగేసరికి మళ్ళీ అదే కథ. ఇవాళే కత్తిని పిడి నుంచి విడదీయి. పనంతటిలోకీ ముందు చేయాల్సింది అదే, మిగతావన్నీ నెమ్మదిగా చేసుకోవచ్చు. పాత పలకల్ని పారేయకు, కొత్తవాటికి నమూనాగా కావాలి. ముందు అట్టముక్క మీద వాటి ఆకారం, రంధ్రాల జాగా గీసుకో. తర్వాత ఒక కాగితం కవరులో, గాలి ఆడేచోట, పొయ్యికి దూరంగా విడిగా పెట్టు. గాలి చొరని డబ్బాలో మూసి పెడితే ఇంకా తొందరగా పాడవుతుంది. పొదిలో మిగతా కత్తెరల పక్కన అసలే వద్దు.

విడదీయడం ఇలా. కత్తీ పిడీ కలిసేచోట ఉండే ఇరుసు పిన్ను తల చుట్టూ చిన్న ఇత్తడి వాషర్ ఉంటుంది. సన్న ఆకురాయితో ఒకవైపు తలని వాషర్ మట్టానికి అరగదీయి. తర్వాత సన్న పంచ్‌తో మెల్లగా తడితే పిన్ను రెండోవైపు నుంచి బయటికొస్తుంది. వాదరకి ముందే మందపాటి టేపు చుట్టు. చేతులు నీవి, జాగ్రత్త.

ఇక కత్తి వయసు. నక్షత్రం, మాల్టీస్ శిలువ జోసెఫ్ రోడ్జర్స్ కంపెనీ గుర్తులు. ఆ రెండూ నకలు కొట్టినవాళ్ళూ ఉన్నారు గానీ, నీ ఫోటోలో కాడ పని చూస్తే అసలుదే అనిపిస్తోంది. విదేశీ సరుకు మీద దేశం పేరు ఉండాలని అమెరికా పెట్టిన చట్టం 1891లో అమల్లోకి వచ్చింది. షెఫీల్డ్ పక్కన ఇంగ్లండ్ అని కొట్టడం అప్పట్నుంచే మామూలైంది. విక్టోరియా రాణి 1901లో పోయింది, అంతదాకా 'హర్ మెజెస్టీ' అని ఉండేది. నీదాని మీద 'హిజ్' అని ఉంది కాబట్టి 1901 తర్వాతి సరుకు. మీ తాతగారికి ఆయన తండ్రి నుంచి వచ్చి ఉండొచ్చు. పెద్దవాళ్ళని అడుగు.

గ్రైండర్ ఎందుకు వద్దంటున్నానంటే, ఈ కత్తి ఉక్కుకి నీరు పెట్టి (అంటే ఎర్రగా కాల్చి ఒక్కసారిగా చల్లార్చి), తర్వాత సుమారు 200 డిగ్రీల దగ్గర కాచి ఆ గట్టిదనం తెస్తారు. వాదర దగ్గర రేకు చాలా పల్చన. చక్రం తగిలిన క్షణాల్లో అక్కడ వేడి 300 డిగ్రీలకి చేరుతుంది, ఉక్కు మీద నీలి రంగు వస్తుంది. ఆ రంగు వచ్చిందంటే నీరు పోయినట్టే. తర్వాత ఎంత నూరినా పదును నిలవదు. ఊళ్ళో ఒక దుకాణంలో ఇలాగే మెరుపు పెట్టించిన కత్తిని ఒకాయన నా దగ్గరికి తెచ్చారు. చూడ్డానికి కొత్త పెళ్ళికూతురిలా ఉంది, గడ్డం మీద పెడితే ఒక్క వెంట్రుక తెగలేదు. దానికి మందు లేదు. పైగా చక్రం ఆ అక్షరాల్నీ, నక్షత్రాన్నీ తుడిచేస్తుంది. మీ తాతగారి కత్తి మీద నాకు అన్నింటికంటే విలువైనవి అవే.

చేత్తోనే చేయి. ముందు కుట్టుమిషన్ నూనె రాసి ఒక రాత్రి వదిలేయి. మర్నాడు మెత్తబడిన తుప్పుని గుడ్డతో తుడిచి, వాటర్ పేపర్ (తడిపి రుద్దే ఉప్పు కాగితం) 600 నంబరుతో మొదలుపెట్టు. నూనె వేస్తూ, వెన్ను నుంచి వాదర వైపుకి మాత్రమే రుద్దు. వాదర వెంబడి పొడుగ్గా రుద్దితే వేలు తెగుతుంది. కత్తిని సమంగా ఉన్న చెక్క మీద ఆనించి పట్టుకుంటే వంగదు. తర్వాత 1000, 2000. అక్షరాల మీద పేపరు పెట్టకు, సన్న స్టీల్ ఊలుతో నూనె వేసి పైపైన తుడిచి ఊరుకో. నిమ్మకాయ, వెనిగర్ రాయమనేవాళ్ళు ఉన్నారు. అవి మంచి ఉక్కుని కూడా మసకబరుస్తాయి, నేనైతే వద్దంటాను. ఎర్ర తుప్పు పోతుంది. నల్లటి చిన్న చిన్న గుంటలు కొన్ని మిగులుతాయి. అవి రేకు మధ్యలో ఉంటే వదిలెయ్. వాటిని తీయబోయి రేకుని పల్చన చేసుకోవద్దు. వాదర మీదే గుంట ఉంటే మాత్రం, ఆ గుంట దాటేదాకా నూరాల్సి వస్తుంది.

ఇంకో పరీక్ష చేయాలి. శుభ్రం చేశాక వాదరని గోటితో అతి మెల్లగా మీటు. సన్నగా ఖంగుమంటే మంచిదే. బొదబొదమంటే ఎక్కడో పగులు ఉండొచ్చు. అప్పుడు భూతద్దంతో చూడు. పగులు ఉంటే పిడి మార్చి దాచుకో, గీసుకోవద్దు.

పిడి దేనితో అన్నావు. మన జిల్లాల వాళ్ళకి ఈ విషయంలో అదృష్టం ఉంది. పాతపట్నం దాటితే పర్లాకిమిడి. అక్కడ కొమ్ముతో బొమ్మలు, దువ్వెనలు చేసే పనివాళ్ళు తరాలుగా ఉన్నారు. 1936లో ఒడిశాలో కలిసినా బజార్లో తెలుగు హాయిగా నడుస్తుంది. నౌపడ మీదుగా గుణుపురం వెళ్ళే రైలెక్కితే దిగొచ్చు. 1900లో పర్లాకిమిడి రాజావారు చిన్న రైలు వేయించిన దారే అది. గేదె కొమ్ము పలకలు రెండు కావాలని, రెండు నుంచి మూడు మిల్లీమీటర్ల మందంతో, నీ కత్తి పొడుగు కంటే కొంచెం ఎక్కువగా కోసిమ్మని అడుగు. రెండూ ఒకే కొమ్ములోంచి తీయించు, రంగూ వంపూ కలుస్తాయి. కొమ్ముని వేడి చేసి ఒత్తిడిలో చదును చేస్తారు. పచ్చిదైతే తర్వాత మళ్ళీ వంగుతుంది, కాబట్టి బాగా ఆరినదే కావాలని చెప్పు. దుప్పి కొమ్ము ఎవరైనా చూపిస్తే ముట్టుకోకు, 1972 వన్యప్రాణి చట్టం కింద నేరం. దంతమూ అంతే.

కొమ్ము పలకల్ని ఒకదానికొకటి రెండువైపులా అంటుకునే టేపుతో అతికించి, ఇరుసు రంధ్రం ముందు వేసి, తర్వాత ఆకారం అరగదీయి. విడదీసి లోపలి ముఖాల్ని ఇప్పుడే నున్నగా చేసి మెరుగు పెట్టేయి. పిన్ను బిగించాక లోపలికి ఏ వేలూ పోదు. కొమ్ము పొడి ముక్కులోకి పోతే మంచిది కాదు, మాస్కు పెట్టుకో, తడిపి అరగదీయి.

పిన్నుకి 1.6 మిల్లీమీటర్ల ఇత్తడి తీగ. నీ వీధిలో కంసాలి ఉంటే ఆయన దగ్గరే దొరుకుతుంది, చిన్న దాగలి (కింద ఆనించి సుత్తితో కొట్టే ఇనుప దిమ్మ) కూడా అక్కడే ఉంటుంది. వాషర్ మీద ఒక మిల్లీమీటరు తీగ మిగలనిచ్చి, అంచుల్ని చిన్న సుత్తితో తడుతూ తల పరచాలి. గట్టిగా ఒక్క దెబ్బ వేశావంటే కొమ్ము పగులుతుంది. నాలుగు దెబ్బలకోసారి కత్తి తెరిచి మూసి చూడు. చేత్తో తెరిస్తే కొంచెం పట్టుతో కదలాలి, తనంతట తాను జారి పడిపోకూడదు.

చివరగా రెండో కొసన పలకల మధ్య పెట్టే చీల. అందరూ తేలిగ్గా తీసుకునేది, అసలు పనంతా ఉన్నది దీంట్లోనే. దీని సంగతి మళ్ళీ రాస్తాను, కరెంటు పోయేలా ఉంది.

గంటస్తంభం కుర్రోడు

మాష్టారూ, మీకు ఎలా చెప్పాలో తెలియడం లేదు. రుద్ది చూశాను, కర్పూరం వాసనే! నాన్నా నేనూ కూర్చుని పిన్ను తీసేశాం. ఇరుసు దగ్గర రెండు పక్కలా ఆకుపచ్చటి చిలుము ఉంది. ఆ పాత చీల బూడిద రంగులో మెత్తగా ఉంది, గోరు దిగుతోంది. అది సీసమా? కత్తి మా ముత్తాతదేనని మా నాన్నమ్మ చెప్పింది.

ఇంకో మాట. పర్లాకిమిడి వెళ్ళడానికి ఇంకా కుదరడం లేదు, సెలూన్‌కి పండగ రద్దీ మొదలైంది. చెక్కతో చేస్తే తప్పా?

గొల్లపల్లి (బొబ్బిలి)

చెక్కతో చేయడం తప్పేం కాదు. మా ఊళ్ళో వీణలు చేస్తారు, మొత్తం పనస చెక్కే. దండి, కుండ తొలిచాక మిగిలే ముక్కలు వాళ్ళ దగ్గర ఉంటాయి. ఏళ్ళు ఆరిన దుంగల చెక్క కాబట్టి వంకరపోదు. కోసినప్పుడు పసుపుగా ఉంటుంది, కొన్నేళ్ళకి తేనె రంగులోకి, తర్వాత ముదురు గోధుమ రంగులోకి వస్తుంది. వీణ చెక్క అని అడిగి తీసుకోండి, రెండు చిన్న ముక్కలకి ఎవరూ కాదనరు. విజయనగరం నుంచి బస్సులో పొద్దున వెళ్ళి మధ్యాహ్నానికి వచ్చేయొచ్చు. సన్నాయి వాయించిన తాతగారి కత్తికి వీణ చెక్క పిడి అంటే నాకైతే చాలా బాగుంది.

ఒకటే జాగ్రత్త. చెక్కకి నీళ్ళు పడవు. లోపలా బయటా, రంధ్రాల అంచుల్లో కూడా పల్చగా వార్నిష్ నాలుగు పొరలు వేసి, ప్రతి పొరా పూర్తిగా ఆరాక తర్వాతిది వేయండి. చెక్క గీతలు పొడుగు దిశలో వచ్చేలా కోయించండి, అడ్డంగా వస్తే పిన్ను దగ్గర చీలిపోతుంది.

ఆమదాలవలస సెలూన్

కుర్రోడా, నేనూ మీవాణ్ణే, పాత కత్తితో పని నేర్చుకున్నవాణ్ణి. మాష్టారు కత్తి సంగతి చెప్పారు, నేను పదును సంగతి చెబుతాను.

ఈ కత్తికి ఏ కోణంలో నూరాలా అని ఆలోచించక్కర్లేదు. వెన్ను, వాదర రెండూ రాయికి ఒకేసారి ఆనించి తిప్పితే కోణం దానంతట అదే వస్తుంది. వెన్ను ఎత్తావంటే పదును పోతుంది. వెన్ను అరక్కుండా ఒక వరస కరెంటు టేపు అంటించు, చిరిగిపోతే మార్చు. రాయి చదునుగా ఉండాలి. మా రోజుల్లో నూరి నూరి మధ్యలో గుంట పడిన రాళ్ళుండేవి, ఆ రాళ్ళ మీద ఈ పని జరగదు. పెచ్చులు ఉంటేనే 1000 నంబరు రాయి, లేకపోతే 4000తో మొదలుపెట్టి 8000, వీలైతే 12000. నీళ్ళు చల్లుతూ, వాదర ముందుకి నడిచేలా, కత్తి బరువు తప్ప చేతి బరువు వేయకుండా. వాదర రాయి కంటే పొడుగ్గా ఉంటే మడమ (కాడ వైపు మూల) నుంచి కొసకి ఐమూలగా లాగు, అప్పుడు మొత్తం సమంగా తగులుతుంది.

తోలు పట్టా మీద దీనికి తిరగబడ్డ పద్ధతి. వెన్ను ముందుకి నడవాలి, వాదర వెనక రావాలి. తిప్పేటప్పుడు వెన్ను మీదే దొర్లించు. వాదర మీద దొర్లిస్తే పట్టా తెగుతుంది, పదునూ పోతుంది. ముందు గుడ్డ పట్టా మీద ఇరవై ముప్పైసార్లు, తర్వాత తోలు మీద యాభైసార్లు చాలు. పట్టాని బిగుతుగా లాగి పట్టుకో, వదులుగా ఉంటే వాదర గుండ్రబడుతుంది. చేతి మీద వెంట్రుకలు చర్మానికి తగలకుండా పైనే తెగుతున్నాయంటే గడ్డానికి సిద్ధం. బొటనవేలితో చూడొద్దు.

ఒక్క మాట గట్టిగా చెబుతున్నాను. ఈ కత్తితో నువ్వు గీసుకో, నీ సొంతానికే ఉంచుకో. సెలూన్‌కి వచ్చేవాళ్ళ మీద ఎంత ముచ్చటేసినా వాడకు. ఒకరి రక్తం ఇంకొకరికి తగిలితే హెపటైటిస్ బి, సి, ఎయిడ్స్ వైరస్ అంటుకునే ప్రమాదం ఉంది. ఈ పిడిని మరగబెట్టడం కుదరదు, చిన్న సందుల్లోకి మందు వెళ్ళదు. మనం బ్లేడు మార్చే కత్తికి మారింది అందుకే. అది మంచి మార్పు. గీసుకున్నాక కత్తి కడిగి, ఇరుసు దగ్గర తడి లేకుండా తుడిచి, ఒక చుక్క నూనె రాసి, తెరిచి కాసేపు ఆరనిచ్చి మడువు. కొబ్బరినూనె వద్దు, చిక్కబడి బంక కడుతుంది.

ఫిట్టర్ మాష్టారు (శ్రీకాకుళం)

ఆమదాలవలస వారు చెప్పినదాంట్లో ప్రతి మాటా నిజం. రాసి పెట్టుకో.

నీ చీల సీసమే అయి ఉంటుంది, పాతరోజుల్లో చాలావాటికి సీసమే పెట్టేవారు. పట్టుకున్నాక సబ్బుతో చేతులు కడుక్కో, దాన్ని మళ్ళీ వాడకు. కొత్తది కొమ్ముతోగానీ, అదే పనస చెక్కతోగానీ చేయి. చిలుము సంగతి, ఇత్తడి వాషర్లకి సెల్యులాయిడ్ ఆవిరి తగిలి అలా అయింది, కొత్తవి వేయి. ఇరుసు రంధ్రంలో మిగిలిన చిలుముని పుల్లకి గుడ్డ చుట్టి స్పిరిట్‌తో తుడువు.

పనస మంచి ఎంపిక. నేను కొమ్ము అన్నది తడికి తట్టుకుంటుందనే, అంతకు మించి పట్టుదల లేదు. చెక్కైతే పలక మందం మూడు మిల్లీమీటర్ల కంటే తగ్గనీయకు.

ఇప్పుడు చీల. ఇరుసు దగ్గర పలకల మధ్య కత్తి కాడ మందం ఉంటుంది. రెండో కొసన ఏమీ లేకపోతే పలకలు అక్కడ కలిసిపోయి, మూసిన కత్తి వాదర పలకకి రాసుకుంటుంది. అందుకే అక్కడ చీల పెడతారు. అది రెండు దిక్కులా వాలుగా ఉండాలి. ఇరుసు వైపు సన్నగా, కొస వైపు మందంగా. పలకల పైఅంచు వైపు ఒక మందం, కింది అంచు వైపు ఇంకో మందం. ఆ వాలు సరిగ్గా ఉంటే పలకలు రవ్వంత బయటికి వంగి స్ప్రింగులా పనిచేస్తాయి, కాడని రెండువైపులా సమంగా పట్టుకుంటాయి. చీల మరీ మందమైతే ఇరుసు వదులవుతుంది, మరీ సన్నమైతే వాదర పలకకి తగులుతుంది. కాబట్టి ముందు అగ్గిపుల్ల ముక్కలతో, అట్టముక్కలతో కొలత చూసుకో. వాటిని పలకల మధ్య పెట్టి, ఇరుసులో తాత్కాలికంగా సన్న బోల్టు వేసి, మూసి చూడు. కత్తి సరిగ్గా మధ్యలో దిగేదాకా అట్టల్ని మార్చు. ఆ మందానికి చీల కోయి. కొద్దిగా ఎక్కువే ఉంచి తర్వాత ఉప్పు కాగితం మీద అరగదీయి. మీ ముత్తాత పాత చీల పారేయకు, దాని వాలు చూసి కొలత తీసుకో, పని సగం తగ్గుతుంది.

కత్తి కొస చీలకి తగలకూడదు, కనీసం మూడు నాలుగు మిల్లీమీటర్ల ఖాళీ ఉండాలి. ముందు చీల వైపు పిన్ను తల కొట్టేసేయి, ఇరుసు పిన్ను ఆఖర్న. కొట్టేముందు బోల్టుతోనే మూసి, పైనుంచి, అంటే వెన్ను వైపు నుంచి ఒక ఫోటో తీసి ఇక్కడ పెట్టు. ఎటు వాలిందో చూసి చెబుతాను. తల కొట్టేశాక సరిచేయాలంటే మళ్ళీ పిన్ను కోసి మొదలుపెట్టాలి.

గంటస్తంభం కుర్రోడు

అలాగే మాష్టారూ. ఈ సోమవారం సెలూన్‌కి సెలవు, నాన్నా నేనూ గొల్లపల్లి వెళ్తున్నాం. అట్ట నమూనా గీసి ఉంచాను. పలకలు కోయించాక బోల్టు మీద ఫోటో పెడతాను, మీరు సరేనన్నాకే సుత్తి పడుతుంది.